లాక్ వార్డులో కోపం: పదో నంబరు దాకా ఆగకుండా మూడో నంబరు దగ్గరే పట్టుకోవడం ఎలా

కొత్తగా లాక్ వార్డులో, అంటే తాళం వేసి ఉంచే మెంటల్ వార్డులో, డ్యూటీ పడిన సిస్టర్లకీ బ్రదర్లకీ, సైకాలజీ చదివి ఇప్పుడే వచ్చిన పిల్లలకీ ఇది రాస్తున్నా. నాది శ్రీకాకుళం జిల్లా, గార వైపు. సైకియాట్రిక్ వార్డులో బ్రదర్‌గా చేరాను, ఇప్పుడు సైకాలజిస్టు మేడంతో కలిసి కోపం గ్రూపు నడుపుతున్నాను. పేషెంట్లు దీన్ని థెరపీ అనరు, "కోపం క్లాసు" అంటారు, మొదట్లో నవ్వొచ్చేది, ఇప్పుడు నేను కూడా అదే అంటున్నా. పైన రాసిన నంబర్లు కోపం ఎంతుందో చెప్పేవి, వాటి సంగతి మూడో మెట్టులో వస్తాది. ఎక్కడ పని చేస్తున్నానో రాయను, కింద చెప్పే మనుషులు కూడా ఇద్దరు ముగ్గురిని కలిపి ఒకడిని చేసినవాళ్ళే.

ముందు వార్డులో ఎవరుంటారో చెప్తా, ఎందుకంటే కోపం సగం అక్కడ్నించే వస్తాది. ఇంగ్లండ్‌లో ఇలా తాళం వేసి ఉంచాల్సిన పేషెంట్లకి వేరే ఆసుపత్రులే ఉన్నాయి. బ్రాడ్‌మూర్ 1863 నుంచి ఉంది, రాంప్టన్, ఆష్‌వర్త్ కూడా అలాంటివే, పెద్ద గోడలు, వాటి కింద మీడియం సెక్యూర్, లో సెక్యూర్ అని కాపలా తగ్గే మెట్లు. మన వైపు శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి పెద్ద మెంటల్ ఆసుపత్రి అంటే విశాఖ చినవాల్తేరుదే గుర్తొస్తాది. ఏ ఆసుపత్రి అయినా తాళం వేసిన వార్డులో కనిపించేవాళ్ళు ఇంచుమించు ఇలా ఉంటారు: జైల్లో ఉండగా జబ్బు చేసినవాళ్ళు, కోర్టు పంపినవాళ్ళు, రోడ్డు మీద పోలీసులు పట్టుకొచ్చినవాళ్ళు, ఇంట్లో వాళ్ళు భరించలేక తెచ్చి వదిలినవాళ్ళు. ఎవడికీ తను ఎప్పుడు బయటికెళ్తాడో తెలీదు. జైల్లో ఉన్నోడికి కనీసం శిక్ష ఎన్నేళ్ళో తెలుసు, వీడికి అదీ లేదు. మీరూ నేనూ అలా ఒక నెలుంటే ఏం చేస్తామో ఆలోచించుకుని అప్పుడు క్లాసు మొదలెట్టండి.

క్లాసుకి ముందు: ఇది కోపమేనా?

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న మెట్టు, అందుకే అన్నిటికన్నా ముందు పెడుతున్నా. ఒకాయన, అప్పన్న అనుకుందాం, వచ్చిన నాలుగో రోజు నుంచి వార్డులో ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుడే తిరుగుడు. కూర్చోమంటే కూర్చోడు, కూర్చున్నా కాళ్ళు ఆడిస్తాడు, ఎవరు ఎదురొచ్చినా "తప్పుకో" అని కసురుతాడు. నేను నోట్సులో "కోపంగా ఉన్నాడు, సహకరించడం లేదు" అని రాసేసి కోపం క్లాసు లిస్టులో పేరెక్కించా. రెండు రోజుల తర్వాత డాక్టరుగారు రౌండ్సులో ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, "నడవాలనిపించి నడుస్తున్నావా, నడవకపోతే ఉండలేక నడుస్తున్నావా?" "ఉండలేకపోతన్నాను బావూ, కాళ్ళలో పురుగులు పాకినట్టుంటంది, లోపల గుంజేస్తంది" అన్నాడు. అది అకథీషియా, హాలోపెరిడాల్ లాంటి మందులకి వచ్చే సైడ్ ఎఫెక్టు. డోసు తగ్గించి ప్రొప్రానొలాల్ రాశారు, కొన్ని రోజులకే మనిషి నెమ్మదించాడు. నేను మందు వల్ల వచ్చిన బాధకి కోపం అని పేరు పెట్టి రికార్డులో ఎక్కించేసాను, అలాంటి మాట ఒకసారి ఫైల్లో పడితే తర్వాత చూసే ప్రతివాడూ అదే కళ్ళద్దం పెట్టుకుని చూస్తాడు.

కాబట్టి క్లాసులో చేర్చే ముందు ఇవి అడగండి: కాళ్ళు ఆగకుండా లాగుతున్నాయా, రాత్రి నిద్ర పట్టిందా, పన్ను నొప్పో కడుపు నొప్పో ఉందా, మలబద్ధకం ఉందా (నవ్వకండి, ఈ మందులతో చాలామందికి ఉంటాది, మూడు రోజులు కడుపు కదలనోడికి ఎవడి మాటా నచ్చదు), బీడీ మానేసి ఎన్ని రోజులైంది, తాగుడు అలవాటుంటే ఆఖరిసారి ఎప్పుడు తాగాడు. ఎవరూ లేకుండానే గొంతులు వినిపిస్తున్నాయా, అవి ఎవరినైనా కొట్టమంటున్నాయా అన్నది తప్పకుండా అడగాలి, అడిగింది డాక్టరుకి చెప్పాలి. జబ్బు బాగా రేగి ఉన్నోడికి కోపం క్లాసు పనికిరాదు, ముందు జబ్బు దిగాలి. మందులు మార్చడం మన పని కాదు, చూసింది చూసినట్టు చెప్పడం మన పని.

మొదటి మెట్టు: న్యాయమైన కోపాన్ని పక్కకి తీయడం

వీళ్ళు కోప్పడే వాటిలో సగం నిజంగా కోప్పడాల్సినవే. ఇంటికి ఫోన్ చేస్తానంటే "రేపు" అన్నారు, రేపు వచ్చింది, సిస్టర్ మారింది, ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అలాంటోడికి గాలి పీల్చు, గాలి వదులు అని నేర్పితే వాడు మనల్ని కూడా ఆ తాళంలో భాగమే అనుకుంటాడు, అనుకోవడం కరెక్టే కూడా. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం చదవండి, మొత్తం కాదు, 26, 28 సెక్షన్లు చాలు ఈ మెట్టుకి. ఇంటివాళ్ళతో మాట్లాడటం, వచ్చినవాళ్ళని కలవడం పేషెంటు హక్కు అని 26 చెప్తాది, సేవల్లో లోపముంటే ఫిర్యాదు చేయొచ్చని 28 చెప్తాది.

మేం చేసేదేంటంటే మొదటి రోజు ఒక కాగితం మధ్యలో గీత గీసి, "నీకు కోపం తెప్పించేవి చెప్పు, అన్నీ రాస్తాను" అంటాం. ఎడమ పక్క మేం మార్చగలిగినవి, కుడి పక్క మార్చలేనివి. ఎడమ పక్కవాటిలో ఒక్కటైనా ఆ వారంలో చేసి చూపించాలి, చిన్నదైనా సరే. అప్పన్నకి స్నానానికి వేన్నీళ్ళు ఆఖర్న దొరికేవి, అంటే దొరికేవి కాదు. వరస మార్చాం, అంతే. ఆ తర్వాతే క్లాసుకి వచ్చి కూర్చున్నాడు.

రెండో మెట్టు: తొందరపడకుండా సిద్ధం చేయడం

కోపం థెరపీకి పునాది వేసింది రేమండ్ నోవాకో అనే అమెరికా సైకాలజిస్టు, 1975లో పుస్తకం వచ్చింది. ఆయన చెప్పింది సింపుల్‌గా ఇది: కోపంలో మూడు ఉంటాయి, బుర్రలో తిరిగే మాట, ఒంట్లో లేచే వేడి, చేతులతో చేసే పని. మూడిటికీ విడివిడిగా పని చెప్పాలి. పద్ధతి టీకా లాంటిది, కొంచెం కొంచెం కోపాన్ని అదుపులో ఉన్న చోట ఇచ్చి తట్టుకోవడం అలవాటు చేయిస్తారు. తర్వాత జాన్ టేలర్ అనే ఇంకో సైకాలజిస్టుతో కలిసి ఇంగ్లండ్‌లో సెక్యూర్ వార్డుల్లో, బుద్ధి ఎదుగుదల తక్కువున్న పేషెంట్లతో కూడా చేశారు, మొత్తం 18 సెషన్లు, అందులో మొదటి 6 కేవలం సిద్ధం చేయడానికే. నాకు ఆ 6 అన్న అంకె చాలా నచ్చింది. మనవాళ్ళు మొదటి రోజే "కోపం తగ్గించుకోవాలమ్మా" అని మొదలెడతారు, అది వాళ్ళు అమ్మ దగ్గర్నుంచి ఎస్సై దాకా అందరి దగ్గరా విన్న మాటే.

ఈ సిద్ధంలో అడగాల్సిన అసలు ప్రశ్న, కోపం నీకేం ఇచ్చింది అని. ఏం పోగొట్టింది అని కాదు, అది వాళ్ళకి తెలుసు. ఏం ఇచ్చింది అంటే మొదట బిత్తరపోయి చూస్తారు, తర్వాత చెప్తారు. ఒకడన్నాడు, "నానొట్టి పిరికోడిని సారూ, అరిస్తే గానీ మా ఊర్లో ఎవడూ నన్ను మనిషిలెక్కన సూడనేదు." దీన్ని కొట్టిపారేయకండి. చేతిలో ఉన్న ఒక్క కర్రనీ లాక్కుంటే వాడు దేని మీద ఆనుకుంటాడు, ఇంకోటి ఇచ్చాకే అది అడగాలి.

మీరు ఏం రాస్తారు, ఎవరికి చూపిస్తారు అన్నది కూడా ఇప్పుడే చెప్పేయండి. కోర్టు కేసున్నోడికి ఇది ప్రాణం మీద మాట. "ఎవరినైనా దెబ్బతీస్తానని నువ్వు చెప్తే అది నేను దాచను, మిగతాది టీం వరకే" అని ముందే తేల్చేస్తే తర్వాత మోసం చేసావన్న మాట రాదు.

మూడో మెట్టు: నంబరు పెట్టడం

పుస్తకాల్లో దీన్ని థర్మామీటరు అంటారు, సున్నా నుంచి పది. మాకు అది అస్సలు పని చేయలేదు. థర్మామీటరు అంటే జ్వరం, జ్వరం అంటే సూది, అదే గుర్తొచ్చేది వాళ్ళకి. ఎంత అని అడిగితే సున్నా అనేవాళ్ళు, లేకపోతే పది, మధ్యలో ఏమీ లేదు.

మార్చింది నేను కాదు, బందరువానిపేట వైపు వేటకెళ్ళే ఒక పెద్దాయన. గ్రూపులో కూర్చుని ఊరికే వింటూ ఉండి, ఒకరోజు అన్నాడు, "కళింగపట్నం పోర్టుల నంబర్లు ఎగరేస్తారు కదేటి, అలగెట్టండి బావూ." తీరం మీద పుట్టినోడికి చెప్పక్కర్లేదు, తుఫాను వస్తే పోర్టులో ఎగరేసే హెచ్చరికలు. ఒకటి, రెండు దూరంగా ఏదో పుట్టిందని. మూడు, నాలుగు అంటే మనవైపు గాలి ముదిరే సూచన ఉందని. ఐదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. పదకొండు కూడా ఉంది, దానర్థం వాతావరణ ఆఫీసుతో సంబంధమే తెగిపోయిందని.

ఆ పదకొండు వినగానే గ్రూపంతా నవ్వింది, మేడం కూడా. ఎందుకంటే అందరికీ తెలిసిన స్థితి అది, ఎవడేం చెప్పినా చెవికెక్కని స్థితి. అప్పట్నుంచి మా బోర్డు మీద 1 నుంచి 11 ఉంటాయి. పెద్దాయన్నే అడిగాం, మూడో నంబరుకి మీరేం చేస్తారని. "వేటకెల్లం. పడవని ఇసక మీదకి లాగేస్తాం. వలలు ఇంట్లెట్టేస్తాం." మరి పదికి? "పదికేటి సేస్తాం, బతికుంటే సాలు. తిత్లీ రేత్రి పడవ లాగుదామని ఎవడైనా ఎల్తాడేటి?" 2018 అక్టోబరు 11 తెల్లారుజామున తిత్లీ పలాస వైపు తీరం దాటింది, ఆ రాత్రి గుర్తులేనోడు మా గ్రూపులో ఒక్కడే, వాడు కర్నూలు.

ఇక్కడే అసలు సంగతంతా ఉంది. మేం ఇన్నాళ్ళూ పది దగ్గర పడవ లాగమని నేర్పుతున్నాం.

మీరు చేయాల్సింది, ఒక్కొక్కడి మూడో నంబరు ఎలా ఉంటాదో వాడి చేతే చెప్పించాలి, మాటల్లో కాదు, ఒంట్లో. ఒకడికి చెవులు వేడెక్కుతాయి. ఒకడు లుంగీ మళ్ళీ మళ్ళీ బిగిస్తాడు. అప్పన్నకి నోట్లో లాలాజలం ఆరిపోయి మాట చిన్నదైపోతాది, అందరూ వాడు చల్లబడ్డాడు అనుకునేవాళ్ళు, నిజానికి అది వాడి మూడు. తెలీకపోతే పక్క మంచమోడిని అడగండి, వాడికి తెలుస్తాది. మీది మీరు కూడా చెప్పాలి, నాది గొంతు పెరగడం కాదు, తాళాల గుత్తి ఆడించడం. అది నాకు ఒక పేషెంటు చెప్పాడు.

సముద్రం చూడనోడుంటే వాడి సరుకుతోనే పెట్టండి, నెల్లిమర్ల జూట్ మిల్లులో చేసినోడు మిషను చప్పుడుతో పెట్టుకున్నాడు, బానే ఉంది.

నాలుగో మెట్టు: రాసుకోవడం

డైరీ అంటారు గానీ మా వార్డులో పెన్ను ఇవ్వం. పొట్టి పెన్సిళ్ళు, ఆరు ఇస్తే ఆరు లెక్కెట్టి తీసుకోవాలి, తలుపు తీసే ముందే లెక్క, తర్వాత కాదు. చదువు రానోళ్ళు చాలామంది, వాళ్ళకి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్ళు, అందులో నంబరో గీతలో. అదే రోజు డ్యూటీ సిస్టర్ కూడా తన లెక్కన నంబరు వేస్తే, వారం చివర రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడొచ్చు. తేడా వచ్చినచోటే విషయముంటాది. సాయంత్రం ఐదుకి ప్రతిరోజూ నాలుగు వేస్తున్నాడంటే ఐదుకేం జరుగుతుందో చూడండి, మాకైతే అది విజిటర్లు వెళ్ళిపోయే టైము, వాడికి ఎవరూ రారు.

ఐదో మెట్టు: ఒళ్ళు

శ్వాస నేర్పడం తేలికే, పీల్చేదానికన్నా వదిలేది పొడుగ్గా ఉండాలి, అంతే, అంకెలు లెక్కపెట్టమంటే కొందరికి అదే టెన్షను. కండరాలు బిగించి వదలడం, జేకబ్‌సన్ పద్ధతి, పిడికిలితో మొదలెట్టి భుజాలు, దవడ. పిడికిలి బిగించమంటే మీరేదో భయపడతారు గానీ ఏమీ అవ్వదు, వదలడం అనేది ఎలా ఉంటాదో తెలియాలంటే బిగించి చూడాల్సిందే.

కానీ కళ్ళు మూసుకోమని మాత్రం అనకండి. లాకప్పులో దెబ్బలు తిన్నోడు, చిన్నప్పుడు ఏదో జరిగినోడు, పక్కన ఎవడున్నాడో నమ్మకం లేనోడు, గొంతులు వినిపించేవాడు, కళ్ళు మూస్తే వాడికి ఇంకా భయం. నేలమీద ఒక చోట చూడమనండి. కుర్చీ గోడకి ఆనించుకోనివ్వండి, తలుపు వాడికి కనపడాలి, మీక్కూడా దారి ఉండాలి.

ప్రాక్టీసు ఒకటో నంబరులో ఉన్నప్పుడు చేయించాలి, పొద్దున టీ తర్వాత, రోజూ. ఎనిమిదిలో ఉన్నోడి దగ్గరికెళ్ళి "నేర్పాం కదా, గాలి పీల్చు" అంటే తన్నించుకుంటారు, న్యాయంగానే.

దిండుని కొట్టి కోపం తీర్చుకో అన్న సలహా ఇప్పటికీ కొందరు ఇస్తుంటారు. వద్దు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే సైకాలజిస్టు 600 మంది కాలేజీ పిల్లలతో చూశాడు, కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ బాక్సింగ్ బ్యాగు కొట్టినవాళ్ళకే కోపం ఎక్కువ మిగిలింది, ఊరికే కూర్చున్నవాళ్ళు మేలు. నడక వేరు, తోట పని వేరు, అవి ఇవ్వండి.

ఆరో మెట్టు: బుర్రలో మాట

వార్డులో కోపం మాట ఎప్పుడూ రెండే రకాలు, "కావాలనే చేసాడు", "నన్ను మనిషిలెక్కన చూడలేదు". మేం చేసేది మూడు కారణాల ఆట. మధ్యాహ్నం అన్నం లైన్లో అప్పన్న గిన్నె చాపాడు, వడ్డించే కుర్రోడు తల తిప్పి వెనక్కెళ్ళిపోయాడు. నంబరు ఒక్కసారిగా ఆరు. సాయంత్రం కూర్చోబెట్టి అడిగాం, ఎందుకెళ్ళాడంటావు, మూడు కారణాలు చెప్పు. మొదటిది వెంటనే వచ్చింది, "నానంటే లెక్కనేదు." రెండోదానికి చాలాసేపు పట్టింది, "సాంబారైపోయిందేమో." మూడోదానికి నవ్వాడు, "ఫోనొచ్చుంటాది, ఆడికి కొత్త పెళ్ళి కదా."

ఏది నిజమో తేల్చొద్దు. మీరు తేలిస్తే వకీలు అయిపోతారు. మొదటిది ఒక్కటే ఉన్నప్పుడు నంబరెంత, మూడూ ఉన్నప్పుడెంత అని అడిగి వదిలేయండి. ఇంకో మాట, "అన్నంలో విషం కలుపుతున్నారు" అన్న నమ్మకం ఉన్నోడితో ఈ ఆట ఆడకండి. అది ఆలోచన పొరపాటు కాదు, జబ్బు, మీరు వాదించిన కొద్దీ ఆ నమ్మకం ఇంకా బిగుస్తాది.

ఏడో మెట్టు: అడగడం నేర్పడం, రిహార్సలు

ఇన్నేళ్ళలో నేను గమనించింది, మన వైపు ఇలాంటి చోట్ల జనానికి మాట్లాడే పద్ధతులు రెండే తెలుసు. బతిమాలడం, లేకపోతే తిట్టడం. "బాబ్బాబు మీ కాళ్ళట్టుకుంతాను" నుంచి డైరెక్టుగా అమ్మ మీదకి వెళ్ళిపోతారు. మధ్యలో నిలబడి మామూలుగా అడిగే మాట ఒకటుందని ఎవరూ చూపించలేదు, అలా అడిగితే ఇచ్చినోళ్ళు కూడా లేరు.

అందుకని మాట వాళ్ళ భాషలోనే తయారుచేస్తాం. అప్పన్న కోసం చేసింది ఇది: "సిస్టరమ్మా, నిన్న ఫోనిస్తానన్నారు. ఇయ్యాల ఎన్నింటికిస్తారు?" అంతే, రెండు ముక్కలు. టైము అడగాలి, ఇస్తారా ఇవ్వరా అని అడగకూడదు. ఇంకోటి తప్పుకోవడానికి: "నాను నాలుగులో ఉన్నాను, మల్లీ ఒచ్చి మాటాడతాను." ఈ రెండో ముక్క పరువు పోకుండా వెనక్కి రావడానికి, మగాళ్ళకి ఇది మరీ అవసరం, తగువులో వెనక్కి తగ్గితే ఊళ్ళో ఏమంటారో మనకి తెలిసిందే.

రిహార్సలుకి మెట్లు పెట్టండి. కోపం తెప్పించే పది సంగతులు, చిన్నదాని నుంచి పెద్దదానికి. ముందు ఊహలో, తర్వాత ఎదురెదురుగా నిలబడి. అన్నం లైను కింద మెట్టు, ఫోను మధ్యలో, పొలం కోసం తమ్ముడితో గొడవ పై మెట్టు. పైది మొదటి వారాల్లో ముట్టుకోకండి. నేను సిస్టర్ వేషం వేస్తే గ్రూపంతా పడి నవ్వుతారు, నవ్వనివ్వండి, ఆ నవ్వులోనే అప్పన్న తన ముక్క నాలుగుసార్లు అప్పజెప్పేశాడు. ఒక్కోసారి పాత్రలు మార్చి వాడిని సిస్టర్‌ని చేసి, ఒకేసారి ముగ్గురు ఫోన్ అడిగేలా చేస్తాం. అది చూడాలి మొహం.

వార్డు మొత్తానికి తెలియాలి, లేకపోతే దండగ

వారానికి రెండు గంటలు మన దగ్గర, మిగతా టైమంతా అటెండర్లు, సెక్యూరిటీ, నైట్ డ్యూటీ వాళ్ళ దగ్గర. ఒకసారి ఏమైందంటే, అప్పన్న కొత్తగా నేర్చుకున్న ముక్కని నిజంగానే వాడాడు, గేటు దగ్గర "నాను నాలుగులో ఉన్నాను" అన్నాడు. అక్కడున్న మనిషి పక్కోడితో నవ్వుతూ, "ఇయ్యాల నాలుగంట, రేపు సెంచరీ కొడతాడు" అన్నాడు. ఎనిమిదికి వెళ్ళడానికి నిమిషం కూడా పట్టలేదు, ప్లాస్టిక్ కుర్చీ విరిగింది. రెండు నెలల పని పోయింది. తప్పు ఆ మనిషిది అని నేను అనను, అతనికి మేం చెప్పనేలేదు, నంబర్లంటే ఏంటో మా గదిలో బోర్డు మీదే ఉండిపోయాయి.

ఇప్పుడు ఏ నంబరుకి ఎవరేం చేయాలో డ్యూటీ రూంలో అతికించి ఉంటాది. మూడు, నాలుగు అని చెప్తే, థాంక్స్ అని, వాడడిగిన పది నిమిషాలు వరండాలో తిరగనివ్వాలి. తలుపు వేయకూడదు. తనంతట తను పక్కకి వెళ్ళడం వేరు, గదిలో పెట్టి గడియ పెట్టడం వేరు, ఒంటరిగా బంధించడాన్ని 2017 చట్టం 97 సెక్షన్‌లో నిషేధించింది. పట్టి ఆపడం, కట్టడం కూడా వెంటనే ఎవరికైనా దెబ్బ తగిలే ప్రమాదం ఉండి వేరే దారి లేనప్పుడే, డాక్టరు అనుమతితో, ఎంతసేపో, ఎందుకో రికార్డులో రాసి, పేషెంటు తరఫు నామినేటెడ్ మనిషికి 24 గంటల్లో తెలియజేసి. శిక్షగా చేయకూడదు, స్టాఫ్ తక్కువున్నారని అసలే చేయకూడదు. గొలుసుల మాటే లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో పోయారు, ఆ సంగతి కొత్త స్టాఫ్‌లో ఎవరికీ తెలియకపోవడం నాకు ఇప్పటికీ వింతే.

అయినా పదికి వెళ్ళిపోయినప్పుడు: ఒక్కరే మాట్లాడాలి, నలుగురు కాదు. రెండు చేతుల దూరం, పక్కకి తిరిగి నిలబడాలి, చేతులు కనపడాలి, తలుపుకి అడ్డం నిలబడకూడదు, మిగతా పేషెంట్లని పంపేయాలి. చిన్న మాటలు, "ఇక్కడే ఉన్నాను అప్పన్నా. నీళ్ళు తాగుతావా." బోధన వద్దు, "నీకు నేర్పాం కదా" అసలొద్దు. సహాయం పిలవడానికి మొహమాట పడొద్దు, సూది కావాలా వద్దా అన్నది డాక్టరు చూసుకుంటారు. ఆ రోజు క్లాసు పెట్టకండి. మర్నాడు కూర్చుని, మూడో నంబరు ఎక్కడ దాటిందో వాడితో వెనక్కి నడిచి వెతకండి, అదే రోజు దెబ్బ తిన్న స్టాఫ్‌తో కూడా విడిగా కూర్చోండి. వాళ్ళకీ నంబర్లుంటాయి.

బాగుపడ్డాడని ఎలా తెలుస్తాది

నిశ్శబ్దం చూసి మోసపోకండి. మందుల డోసు ఎక్కువై తూలుతున్నోడూ నిశ్శబ్దమే, రిపోర్టు కోసం బుద్ధిగా ఉన్నోడూ నిశ్శబ్దమే. గొడవలెన్నయ్యాయి అన్నది ఒక లెక్క, కానీ నేను చూసేది వాడు తన నంబరుని ఎంత కిందనే చెప్తున్నాడు అని. మొదట్లో కుర్చీ విరిగాక "పది" అనేవాడు, తర్వాత అరుస్తూ "ఏడు" అన్నాడు, ఆ తర్వాత ఒకరోజు నోరు ఆరిపోయినప్పుడే వచ్చి మూడు వేళ్ళు చూపించాడు, ఏమీ మాట్లాడకుండా. కోపం తగ్గలేదు, ముందే చెప్తున్నాడు, నాకది చాలు.

ఇంటికి పంపేటప్పుడు

ఊళ్ళో కథ వేరే. వార్డులో "పిచ్చోడు" అని ఎవరూ పిలవరు, ఊళ్ళో రచ్చబండ దగ్గర మొదటి రోజే పిలుస్తారు. ఆ మాటని రిహార్సలు మెట్లలో పెట్టి, పంపే ముందే చేయించాలి. ఇంటివాళ్ళని ఒక్కసారైనా కూర్చోబెట్టి నంబర్లు చెప్పండి, తల్లి పెళ్ళాం ఇద్దరూ ఉంటే ఇద్దరికీ, లేకపోతే ఒకరు మూడన్నప్పుడు రెండో వాళ్ళు ఎగదోస్తారు. మూడన్నప్పుడు ఆ తగువు ఆపేయడం, ఎందుకని అడక్కపోవడం, అన్నం తిన్నాడో లేదో చూడడం. ఆరు దాటితే పిల్లల్ని పక్కింటికి పంపడం, కత్తిపీటా గొడ్డలీ ముందే తీసి పెట్టడం. కొట్టేదాకా వస్తే 112కి ఫోన్ చేయడం. సారా తాగొస్తే నంబర్లేవీ పని చేయవు, ఇది సూటిగా చెప్పాలి, పండగ రోజులకి ముందు మళ్ళీ చెప్పాలి, విజయనగరం వాళ్ళకైతే సిరిమాను సంబరం వారం ముందు నేనే ఫోన్ చేసి చెప్తా.

మేం ఇచ్చే కార్డు మన ఓటరు కార్డంత ఉంటాది. ఒకవైపు వాడి మూడో నంబరు గుర్తులు, వాడు చెప్పిన మాటల్లోనే, కింద వాడి రెండు ముక్కలు. రెండోవైపు మందుల పేర్లు, మళ్ళీ రావాల్సిన తేదీ, మా వార్డు ఫోన్ నంబరు, 14416. ఆ ఆఖరిది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ళకి ప్రభుత్వం పెట్టిన ఫోను, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు. లామినేషన్ చేయించండి, మా తీరంలో చెమటకీ ఉప్పుగాలికీ కాగితం నెల రోజులు కూడా ఆగదు. పెద్దాయనది రెండుసార్లు మార్చాం, మూడోసారి వేటకెళ్ళే సంచిలో పెట్టుకోవద్దు, ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టమని వాళ్ళావిడకి చెప్పాం.